పూజారి లేని వేళ

వేదిక మీదున్న పెద్దలకు, వెనక బల్లల మీద సర్దుకు కూచున్న పిల్లలకు నమస్కారం.

కవి గుర్రం జాషువా జయంతి సభల్లో ఏటా ఒక తమాషా జరుగుతుంటుంది. ముందు ఆయన విగ్రహానికి దండ వేస్తాం. తర్వాత ఎవరో ఒకరు మైకు పుచ్చుకుని ‘రాజు జీవించు రాతి విగ్రహములందు, సుకవి జీవించు ప్రజల నాలుకలయందు’ అని గొంతెత్తుతారు. ఆ విగ్రహం పక్కనే నిలబడి! మనం చప్పట్లు కొడతాం. నేనూ కొట్టాను. అందుకే ఇవాళ విగ్రహాన్ని వదిలేసి నాలుకల సంగతి మాట్లాడతాను.

మా నాన్నకు సంతకం రాదు, కాటి సీను పద్యాలు మాత్రం వచ్చు. పల్నాడు పల్లెల్లో హరిశ్చంద్ర నాటకం ఆడితే తెల్లవారుజాము దాకా జనం దుప్పట్లు కప్పుకుని జోగుతుండేవాళ్లు. హార్మోనియం మీద శ్రుతి పడగానే లేచి కూచునేవాళ్లు. వేషగాడు ‘ఇచ్చోటనే సత్కవీంద్రుని కమ్మని కలము నిప్పులలోన గరిగిపోయె’ అని ఎత్తుకుంటే ఈలలు, వన్స్‌మోర్‌లు. ఆ పద్యం నాటకం రాసిన బలిజేపల్లి వారిదేనని నాన్న నమ్మకం. టీచర్ ట్రైనింగ్‌కి వెళ్లొచ్చాక నేనే చెప్పాను, అది జాషువా రాసిన ‘శ్మశానవాటిక’ అనే ఖండికలోది, నటులు తెచ్చి నాటకంలో కలుపుకున్నారు అని. నాన్న బీడీ ఆర్పి, “వినుకొండ జాషువానా? మనోడా?” అన్నాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అదే పద్యం మళ్లీ పాడాడు, ఈసారి నెమ్మదిగా.

ఆ ఖండికలోనే ఇంకో మాట ఉంది. ‘ఇట నస్పృశ్యత సంచరించుటకు తావే లేదు’ అంటాడు. అంటరానితనం అడుగుపెట్టలేని చోటు ఆయనకు ఒక్కటే కనపడింది, అది కూడా కాడు. కానీ మా ఊళ్లో కాడు కూడా రెండుండేది. వాళ్లది వాగు ఇవతల, మాది అవతల. పాపం, జాషువా గారు మా ఊరి కాడు చూడలేదు.

1895 సెప్టెంబర్ 28న వినుకొండలో పుట్టాడాయన. తండ్రిది యాదవ కులం, తల్లిది మాదిగ కులం, మతం క్రైస్తవం. దాంతో పురాణాల మీద పద్యాలు రాస్తే అటు హిందువులకూ నచ్చలేదు, ఇటు క్రైస్తవులకూ నచ్చలేదు. పొట్టకూటికి రాజమండ్రిలో మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ చెప్పాడు. బడిపంతులు చేశాడు. తర్వాత బిరుదులూ వచ్చాయి, పండితకవి చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు కాలికి గండపెండేరమూ తొడిగారు. 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు సాహిత్య అకాడమీ అవార్డు, 1970లో పద్మభూషణ్. మరుసటి ఏడే పోయాడు. ఇవన్నీ గైడుల్లో ఉంటాయి, బిట్ పేపర్‌కి పనికొస్తాయి.

గైడుల్లో ఇమడనిది ఆయన కావ్యం ‘గబ్బిలం’. 1941 నాటిది. కాళిదాసు ‘మేఘదూతం’లో యక్షుడు భార్యకు కబురు పంపడానికి మేఘాన్ని పిలిచాడు. జాషువా కథానాయకుడు పంచముడు, అంటే ఊరు అంటరానివాడన్న మనిషి. అతని కబురు శివుడికి. హంసో చిలకో దొరకదా అంటే, దొరికినా ఆ గుడిసెకి రావు. ఇంట్లో దూరితే అరిష్టమని అందరూ చీపురు పుచ్చుకుని తరిమే గబ్బిలమే వచ్చింది. ఊరు వెలేసిన మనిషి, ఊరు తరిమే ప్రాణి. అయితే ఆ రెంటికీ ఒక తేడా ఉంది: గుడిలోకి గబ్బిలం పోగలదు, ఆ మనిషి పోలేడు. చూడండి గబ్బిలాన్ని ఎంత బతిమాలుతున్నాడో:

‘ఆలయంబున నీవు వ్రేలాడు వేళ
శివుని చెవి నీకు కొంత చేరువుగ నుండు
మౌనిఖగరాజ్ఞి! పూజారి లేని వేళ
విన్నవింపుము నాదు జీవిత చరిత్ర’

నలభై ఏళ్లు ఈ పద్యం పాఠం చెప్పాను. మొదట్లో ‘శివుని చెవి’ దగ్గర ఆగేవాణ్ణి. తలకిందులుగా వేలాడే జీవికి దేవుడి చెవి దగ్గరవడం, ఆహా, ఏం ఊహ అని. తర్వాత్తర్వాత ‘పూజారి లేని వేళ’ దగ్గర ఆగడం మొదలైంది. తిట్టు లేదు, శాపం లేదు. ఆఫీసుకి పనిమీద వెళ్లేవాడికి గుమాస్తా లేనప్పుడు చూసి దొరగారితో చెప్పుకోమన్నట్టు, ఓ చిన్న జాగ్రత్త చెప్తున్నాడంతే. గుడి వ్యవహారమంతా ఆ మూడు మాటల్లో బయటపడిపోయింది. అదీ తేటగీతి ఛందంలో, పండితులు వంక పెట్టలేని నడకలో. వచనంలో రాసుంటే ఆ రోజుల్లో వాళ్లు చెవిన పెట్టేవాళ్లు కాదని నా అనుమానం. పద్యం అనే గబ్బిలం మీద ఎక్కి ఆయన లోపలికి పోయాడు.

పోయాక ఏమైందో కూడా ఆయనే రాసుకున్నాడు. తన కవిత విని ‘భళీ భళి’ అన్నవాడే ‘మీదే కులము’ అని అడిగి, జవాబు వినగానే చివాలున లేచిపోతే ‘బాకున గ్రుమ్మినట్లగును’ అన్నాడు. ఆ చివాలున అనేది నాకు తెలుసు. రిటైరయ్యాక టౌన్‌లో అద్దె ఇంటికి వెళ్తే, ఓనరు గారు కాఫీ ఇచ్చి, నా పద్యాలు విని మెచ్చుకుని, “మాస్టారూ, మీ ఇంటిపేరు?” అన్నారు. చెప్పాను. ఆ సాయంత్రమే ఫోన్, “ఇల్లు మా బావమరిదికి ఇస్తామన్నాం, ఏమీ అనుకోవద్దు” అని. బాకు పోయి ఫోన్ వచ్చింది, అంతే.

సరే, టైమైందని సెక్రటరీ గారు వాచీ చూస్తున్నారు. నాకు గొంతు లేదు. తొమ్మిదో తరగతి చదివే ఈ అమ్మాయి ‘ఇచ్చోటనే’ సీసం మొత్తం పాడతానంది. ఎవరైనా ఆ మైకు కాస్త కిందికి దించండి, పాపకి అందట్లేదు.