కాగితం మీద పాకే జీవి

శ్రోతలకు నమస్కారం.

వడపోతకు వాడే కాగితం ఉంటుంది చూడండి, దూదిలాగే దాదాపు అంతా సెల్యులోజే, అంటే గడ్డిలో, మొక్కల పీచులో ఉండే పదార్థమే. దాని ముక్కొకటి లవణాలు కలిపిన నీళ్లలో ఉంచి, చిటికెడు పొలం మట్టి వేసి వెచ్చటి చోట పెట్టండి. కొన్నాళ్లకు పసుపు మరకలు పడతాయి. పట్టుకుంటే జావలా జారిపోతుంది. 1919లో ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో హచిన్సన్, క్లేటన్ అనే ఇద్దరు ఇలాగే కాగితం తినేదెవరో వెతికారు. సన్నగా, పొడుగ్గా, వంగే పుల్లలాంటి బాక్టీరియా దొరికింది. తరవాత దానికి సైటోఫాగా హచిన్సోనై అని ఆయన పేరే పెట్టారు.

దీనికి ఈదడానికి తోక లేదు. అయినా కదులుతుంది. పీచు మీద పాకుతుంది. పీచు ఎటు సాగితే అటే బారులు తీరి పాకుతూ తింటుంది. దూరం నుంచి తినడం దానికి చేతకాదు, పీచును అంటుకునే ఉండాలి.

2007లో దీని జన్యుక్రమం మొత్తం చదివి ప్రచురించారు. 44 లక్షల పైచిలుకు అక్షరాలు. అసలు తమాషా ఇక్కడుంది. సెల్యులోజ్‌ను ఒక తాడు అనుకోండి. దాన్ని తినే జీవుల్లో చాలావాటి దగ్గర దాన్ని ముక్కలు చేసే ప్రోటీన్లు, అంటే ఎంజైములు, రెండు రకాలుంటాయి. ఒకటి కత్తెర, తాడును నడిమికి కోస్తుంది. రెండోది కొస పట్టుకుని నములుతూ పోతుంది. ఇందులో కత్తెరలు కనిపించాయి. కొస నమిలేవి, మనకు తెలిసిన రకంవి, కనిపించలేదు. ఒక్కటీ కనిపించలేదు. కాగితం మాత్రం కరిగిపోతూనే ఉంది! జన్యువులు చదివితే గుట్టు తేలుతుందనుకుంటే చిక్కుముడి ఇంకాస్త బిగిసింది. నాకు ఈ జీవి నచ్చింది అందుకే.

టైం అయిపోతోంది, పొలంలోకి వద్దాం. ఇదే హచిన్సన్ 1921లో రిచర్డ్స్‌తో కలిసి, పేడ లేకుండా గడ్డిని ఎరువు చేసే పద్ధతి చెప్పారు. నీళ్లు, గాలి ఉంటే చాలవు, నత్రజని కావాలన్నారు. ఈ బాక్టీరియాకూ దాని చుట్టాలకూ గడ్డి అన్నమైతే నత్రజని పప్పు. మా అమ్మమ్మ పశువుల కింద పంచితంలో తడిసిన చెత్తనే ఏరి పెంటపోగులో వేసేది. జన్యువుల మాట ఆవిడకు తెలీదు, పప్పు సంగతి మాత్రం తెలుసు.

కోతమిషన్ వెళ్లాక కొయ్యకాళ్లకు నిప్పు పెట్టకుండా కలియదున్నే రైతులకు ఒక్క మాట. దున్నిన వెంటనే నాట్లు వేస్తే, కుళ్లే గడ్డి మీది బాక్టీరియా పప్పు కోసం నేలలోని నత్రజనినే లాగేసుకుంటుంది. పైరు పసుపెక్కుతుంది. గడ్డి దున్నడమే తప్పనుకుని, మళ్లీ ఏడాది అగ్గిపెట్టె తీస్తారు. అలా కాకుండా, ఎలాగూ వేసే యూరియాలో కొంత దున్నేటప్పుడే చల్లండి. నేల తడిగా ఉంచి, రెండు మూడు వారాలు ఆగి నాటండి. ఎకరానికి ఎంత అనేది మీ నేలను బట్టి ఉంటుంది, మీ వ్యవసాయ విస్తరణాధికారిని అడగండి.

సెలవు.