సంక్రాంతికి ఊళ్లో ఉన్నవాళ్లే లెక్క

అందరికీ నమస్కారం. విజయనగరంలో స్టాటిస్టిక్స్ చదువుతున్న పిల్లలకి సైన్యం భర్తీ మీద మాట్లాడమన్నారు. నాకు తెలిసినవి రెండే, ఒకటి పరుగు, రెండోది లెక్క.

కుర్రతనంలో ర్యాలీకని శ్రీకాకుళం వెళ్లి, రాత్రంతా రోడ్డు పక్కన దుప్పటి కప్పుకుని పడుకుని, చీకటి ఉండగానే 1600 మీటర్లు పరిగెత్తాను. పరుగులో నెగ్గాను. మెడికల్‌లో డాక్టరు చెవిలోకి లైటు వేసి చూసి, గుబిలి ఉంది, తీయించుకుని మళ్లీ రా అన్నాడు. మళ్లీ వెళ్లడానికి చేతిలో డబ్బుల్లేవు, అంతే, అక్కడితో అయిపోయింది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం, అంకెలు ఊరికే అనుకున్నవే. 100 మంది పరిగెత్తితే 20 మంది నెగ్గారు, మెడికల్‌లో 10 మంది మిగిలారు. హోర్డింగులు పెట్టి ఇంకో 50 మందిని రప్పిస్తే చివరికి పెరిగేది 5 మంది. అదే మెడికల్‌లో పోయిన 10 మందిలో సగం నాలాగ గుబిలి కేసులైతే, ముందే ఊళ్లో ఒక డాక్టరుని కూర్చోబెడితే చాలు, ఆ 5 మందీ వచ్చేస్తారు. ఏది చవక? మోడల్ అంటే ఇదే, ఎక్కడ కారిపోతోందో చూడటం.

రిజర్వు దళాలకైతే, అంటే అవసరమొచ్చినప్పుడు పిలిచే సైన్యానికైతే, ఇంకో చిక్కు ఉంది. మన టెరిటోరియల్ ఆర్మీ 1949 అక్టోబర్ 9న మొదలైంది, మన పని మనం చేసుకుంటూనే శిక్షణకి వెళ్లి రావాలి. అమెరికాలో రిజర్వు సైనికులు మామూలుగా నెలకో వారాంతం, ఏడాదికో రెండు వారాలు వెళ్తారు. అంటే దూరం, సెలవు ఇచ్చే యజమాని, ఇవి కూడా సమీకరణంలోకి రావాలి. ఇచ్ఛాపురం కుర్రాడికి శ్రీకాకుళమే వంద కిలోమీటర్ల పైన. టౌన్లో ఒక భర్తీ ఆఫీసరు ఉన్నచోట రెండోవాణ్ణి పెడితే వచ్చేవాళ్లు రెట్టింపు కారు, వాళ్లనే ఇద్దరూ పంచుకుంటారు. రెండోవాణ్ణి ఇచ్ఛాపురం వైపున్న సోంపేటకి పంపండి.

ఓటరు లిస్టు చూసి కుర్రాళ్లని లెక్కపెడతారు చూడండి, నాకు ఒళ్లు మండేది అక్కడే. మన తీరం ఊళ్ల లిస్టులో పేరున్న కుర్రాడు గుజరాత్‌లో వీరావల్ బోటు మీద ఉంటాడు, లేదా హైదరాబాదులో సెంట్రింగ్ పనిలో ఉంటాడు. వాడికి నెలనెలా శిక్షణంటే కుదరదు, ఏడాదికోసారి ఒక్కసారే అయితే ఏమో, ముందే సెలవు చెప్పుకుని రావచ్చు. ఆ మాట వాణ్ణే అడగాలంటే సంక్రాంతికి వెళ్లండి, కనుమ నాడు మధ్యాహ్నం, రచ్చబండ దగ్గరే దొరుకుతాడు.