ఆ ఫోటోలో పడవ ఎక్కడ?

నమస్కారం. మొదట ఈ ఫోటో చూడండి.

[తెరపై: పాత నలుపు తెలుపు ఫోటో. మనిషి ఎత్తును మించిన తుపాకీ, పక్కన నిలబడిన వేటగాడు.]

ఇది మీ ఫోనుకు కూడా ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. కింద ఉండే వ్యాఖ్యలు కూడా దాదాపు ఇవే: 'ఏనుగులను చంపే తుపాకీ', 'భుజాన పెట్టి పేలిస్తే చెయ్యి ఊడి వస్తుంది', 'ఆ రోజుల్లో మనుషుల బలమే వేరు'. పోయిన వారం మా బంధువుల గ్రూపులోకి మళ్ళీ వచ్చింది, అవే మాటలతో. ఇన్నాళ్ళూ ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాస్తూ వచ్చాను. ఇవాళ అందరికీ ఒకేసారి చెబుతాను.

దీనితో వేటాడింది బాతులను. దీని పేరు పంట్ గన్. పంట్ అంటే అడుగు చదునుగా ఉండే చిన్న పడవ. పేరులో పడవే ముందుంది, తుపాకీ తరువాత వచ్చింది. ఫోటోలో మాత్రం పడవ కనబడదు. అపోహలన్నీ అక్కడే పుడుతున్నాయి.

నాకు ఈ తుపాకీని చూస్తే విసురు వల గుర్తుకొస్తుంది. చిన్నప్పుడు మా ఊరి కాలువ గట్టున ఒక పెద్దాయన విసురు వల వేసేవాడు. వల భుజాన వేసుకుని చాలాసేపు కదలకుండా నిలబడేవాడు. ఒక్క చేప కనబడితే వేసేవాడు కాదు. చేపలు గుంపు కట్టేదాకా ఆగి, ఒక్కసారి విసిరేవాడు. వల గాలిలో గుండ్రంగా విచ్చుకుని, అంచున కట్టిన సీసపు గుండ్ల బరువుతో నీళ్ళలోకి దిగేది. ఆ విసురు తప్పితే, మళ్ళీ చేపలు చేరేదాకా గట్టు మీద కూర్చోవడమే.

పంట్ గన్ కూడా అలాంటి వలే. తాళ్ళు లేని, సీసపు గుళ్ళు మాత్రమే ఉన్న వల.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. 12 బోర్ తుపాకీ అనే మాట మీరు వినే ఉంటారు. ఆ 12 ఎక్కడిదంటే, ఒక పౌను, అంటే సుమారు 454 గ్రాముల సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే, ఆ గుండు సరిగ్గా పట్టే గొట్టం అది. అంటే సుమారు 18.5 మిల్లీమీటర్ల వ్యాసం. దానిలో ఒక్కసారికి వాడే చిన్న సీసపు గుళ్ళ బరువు దాదాపు 30 గ్రాములు. ఇక పంట్ గన్. పెద్ద వాటి గొట్టం వ్యాసం 2 అంగుళాలు, అంటే 51 మిల్లీమీటర్లు దాటేది. ఒక్క పేలుడుకు ఒక పౌనుకు మించిన సీసం, అంటే అరకిలో దాకా, బయటికి వచ్చేది. దాదాపు పదిహేను తుపాకులు ఒకే క్షణాన ఒకే నోటితో పేలినట్టు.

ఇక్కడ మరో పొరపాటు జరుగుతుంది. తుపాకీ ఇంత పెద్దది కాబట్టి గుళ్ళు మరింత వేగంగా వెళతాయని అనుకుంటారు. గుళ్ళ వేగం మామూలు వేట తుపాకీలో ఉన్నంతే. పెరిగింది వాటి సంఖ్య. గొట్టం దాటాక గుళ్ళ గుంపు విచ్చుకుంటూ పోతుంది, గుళ్ళ మధ్య ఖాళీలు పెరుగుతూ పోతాయి. మన వలతోనే చెప్పాలంటే, దూరం పోయే కొద్దీ వల కన్ను పెద్దదవుతుంది. మామూలు తుపాకీ వేసే వలకు కొంత దూరంలోనే బాతు దూరిపోయేంత కన్నాలు పడతాయి. పంట్ గన్‌లో గుళ్ళు అన్నేసి ఉంటాయి కాబట్టి 60, 70 గజాల దూరంలో కూడా వల చిక్కగానే ఉంటుంది.

సరే, భుజం సంగతి. అరకిలో సీసం ముందుకు దూకితే వెనక్కి వచ్చే తన్ను మామూలు తుపాకీ కంటే పది రెట్లకు పైనే. తుపాకీ బరువే 45 కిలోలు దాటవచ్చు. అది నిలబడి ఎత్తిపట్టే వస్తువు కాదు. అందుకే దాన్ని పడవ ముక్కు మీద పడుకోబెట్టేవారు. ఇంగ్లండ్‌లో లావాటి తాడుతో తుపాకీని పడవ ముందు భాగానికి బిగించేవారు. తన్నును ఆ తాడు పట్టి పడవకు అందిస్తుంది, పడవ నీటికి అందిస్తుంది. పేలగానే పడవ మొత్తం వెనక్కి జారేది. అంటే ఈ తుపాకీకి భుజం పడవే.

మరి గురి? తుపాకీ కదలదు కాబట్టి పడవనే తిప్పాలి. వేటగాడు పడవలో బోర్లా పడుకుని, చేతులు పక్కలకు చాపి, చిన్న తెడ్లతో చప్పుడు లేకుండా నీటిని నెడుతూ పోయేవాడు. నడి చలికాలం, తెల్లవారుజాము, అలకు అందేంత తక్కువ ఎత్తున్న పడవ, ముక్కు మీద అంత బరువు. ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ తీరంలో ఆటుపోట్ల బురద మేటల మధ్య గంటల తరబడి ఇలా పాకినట్టు వెళ్ళేవారు. బాతులు ఒక్కసారి తలెత్తి చూస్తే ఆ పూటకు పని అయిపోయినట్టే. నాకు ఈ తుపాకీలో అన్నిటికంటే ఆశ్చర్యంగా తోచేది ఈ ఓపికే. ఫోటో కింద రాసే 'మనుషుల బలం' అనే మాటకు ఇక్కడ చోటే లేదు.

ఒక్క విసురుకే ఇంత శ్రమ ఎందుకంటే, చలికాలంలో బాతులు విశాలమైన నీళ్ళ మీద దగ్గరదగ్గరగా గుంపు కట్టి విశ్రమిస్తాయి. మన కొల్లేటికి, పులికాట్‌కు వచ్చే సూదితోక బాతును చూసినవారికి ఇది తెలుసు. ఇంగ్లండ్ తీరాల్లోనూ, అమెరికాలోనూ ఉండేది అదే జాతి. అలాంటి గుంపు మీద సరిగ్గా పడిన ఒక్క పేలుడుకు యాభైకి పైగా పక్షులు పోయేవి. కొన్నిచోట్ల ఎనిమిది, పది పడవలు వరుసగా వెళ్ళి ఒకేసారి పేల్చేవి. గాయపడి ఈదుతున్న వాటిని తరువాత చిన్న తుపాకీతో ముగించేవారు. ఈ భాగం చెప్పడం నాకు కష్టంగా ఉంటుంది, అయినా దాచకూడదు.

[తెరపై: అమెరికా తూర్పు తీరపు పటం, చెసపీక్ అఖాతం గుర్తించి ఉంది.]

ఇక ఎవరి కోసం ఇన్ని బాతులు? చెసపీక్ అఖాతంలో వేసవిలో పీతలు, చలికాలంలో ఆల్చిప్పలు పట్టి బతికేవారికి బాతులు మరో ఆదాయం. అక్కడ అన్నిటికంటే విలువైనది కాన్వాస్‌బ్యాక్ అనే బాతు. సస్క్వెహానా నది అఖాతంలో కలిసే చోటి మేటల మీద వాలిస్నేరియా అనే నీటి మొక్క పెరిగేది. దాన్ని తినడం వల్లే ఆ బాతు మాంసానికి అంత రుచి అనేవారు. బాతు శాస్త్రీయ నామంలో కూడా ఆ మొక్క పేరే ఉంది. బాల్టిమోర్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ హోటళ్ళలో దానికి గిరాకీ. రైలు, మంచుగడ్డ ఈ రెండూ కలిశాక అఖాతంలో చచ్చిన బాతు చెడకుండా నగరంలో విందు బల్ల మీదికి చేరింది. నా ఉద్దేశంలో బాతులను తగ్గించింది గొట్టం వ్యాసం కంటే ఆ రైలు పెట్టెలే. కాలువ గట్టున పెద్దాయన ఇంటికి సరిపడా పట్టి వల ఆరవేసేవాడు. వల వెనుక మూడు నగరాల ఆకలి నిలబడితే ఎవరు ఆరవేస్తారు?

సమయం అయిపోతోంది, మిగిలినది త్వరగా చెప్పేస్తాను. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు 19వ శతాబ్దంలోనే ఈ తుపాకులను నిషేధించినా వేట రాత్రిళ్ళు దీపాల వెలుగులో సాగింది. 1900లో లేసీ చట్టం అక్రమంగా చంపిన పక్షులను రాష్ట్రాల సరిహద్దులు దాటించడాన్ని నేరం చేసింది. 1918లో వలస పక్షుల ఒప్పంద చట్టం వచ్చింది, అడవి బాతుల అమ్మకానికి తెర పడింది. ఇప్పటికీ అమెరికా వేట నిబంధనల్లో నిషిద్ధ ఆయుధాల వరుసలో పంట్ గన్ పేరు ఉంటుంది. 10 గేజ్ (బోర్‌నే అక్కడ గేజ్ అంటారు) కంటే పెద్ద తుపాకీతో అక్కడ బాతులను వేటాడకూడదు. అయితే వేట ఆగినా ఆ మేటలు మళ్ళీ మునుపటిలా కాలేదు. 1972లో ఆగ్నెస్ తుఫాను తెచ్చిన బురద ఆ నీటి మొక్కలను భారీగా తుడిచిపెట్టింది.

బ్రిటన్‌లో మాత్రం పంట్ గన్ పూర్తిగా పోలేదు. 1981 చట్టం ప్రకారం గొట్టం మూతి వ్యాసం 1.75 అంగుళాలు మించకూడదు. ఇందాకటి లెక్క గుర్తుందా? ఒక పౌను సీసాన్ని ఒకే గుండుగా పోస్తే దాని వ్యాసం 1.67 అంగుళాలు. అంటే చట్టం గీసిన గీత ఆ గుండుకు కాస్త పైన ఉంది. 1995 నాటికి అక్కడ వాడుకలో ఉన్న పంట్ గన్‌లు యాభైకి లోపే.

చివరిగా ఒక్క విషయం. లింకన్‌షైర్‌లో కబిట్ అనే ఊరు ఉంది. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవం నుంచి ప్రతి పట్టాభిషేకానికీ, ప్రతి జూబిలీకీ అక్కడి పాత నీటి మైదానం మీద పంట్ గన్‌లు పేల్చి వందనం చేస్తారు.