పగలు కోట, పొద్దు వాలాక సంత: బవేరియాలో డిసెంబర్ ప్రయాణం

అందరికీ నమస్కారం. క్రిస్మస్ సంతలూ కోటలూ ఒకే ప్రయాణంలో చూడాలంటే జర్మనీలో ఒక్క బవేరియా చాలు. వారంలో నాలుగు దేశాలు చుట్టేసే ప్యాకేజీల్లో కోట బయట ఫొటో దిగడమే మిగులుతుంది.

ముందు తేదీల సంగతి. పిల్లల సెలవులూ, ఆఫీసులో మిగిలిన లీవులూ చూసుకుని మనవాళ్లు డిసెంబర్ 23న విమానం ఎక్కుతారు. దెబ్బ తినేది అక్కడే. ఈ సంతలు క్రిస్మస్‌కి ముందు నాలుగు వారాల పండుగ. నూరెంబర్గ్ నగరంలో ఆగమన కాలపు (అడ్వెంట్, అంటే క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం) మొదటి ఆదివారానికి ముందు శుక్రవారం సాయంత్రం మొదలై, 24 మధ్యాహ్నానికి ముగుస్తుంది. రోటెన్‌బుర్గ్ అనే ఊళ్లో 23తోనే సరి. 24 మధ్యాహ్నం నుంచి 26 దాకా దుకాణాలు మూత. నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట 24, 25, 31, జనవరి 1 తేదీల్లో తెరవరు. కాబట్టి డిసెంబర్ మొదటి రెండు వారాల్లో, సోమవారం నుంచి గురువారం మధ్య పెట్టుకోండి. శని, ఆదివారాల రద్దీలో పిల్లల్ని పట్టుకుని నడవడమే కష్టం.

జర్మనీకి కావాల్సిన షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచే దరఖాస్తు చేయవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అపాయింట్‌మెంట్ కోసం సెప్టెంబర్ దాటనివ్వకండి.

డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం నాలుగున్నరలోపే పొద్దు కుంకుతుంది. కోటలు కూడా నాలుగుకే మూస్తారు. సంతకి అసలు అందం దీపాలు వెలిగాకే. అందుకే పగలంతా కోటకి, సాయంత్రం సంతకి ఇవ్వాలి. తిరగేస్తే రెండూ పోతాయి.

నోయ్‌ష్వాన్‌స్టైన్‌కి రోజంతా పడుతుంది. మ్యూనిక్ నుంచి ఫ్యూసెన్‌కి రైల్లో రెండు గంటలు, అక్కడి నుంచి హోహెన్‌ష్వాంగావ్ ఊరికి బస్సులో పది నిమిషాలు, ఆపైన కొండెక్కడానికి ముప్పై, నలభై నిమిషాలు. ఐదుగురి దాకా కలిసి వెళ్లగల బవేరియా టికెట్ (ఒక రోజు రైలు టికెట్) చవకే. కానీ అది పనిరోజుల్లో ఉదయం తొమ్మిది తర్వాతే చెల్లుతుంది, వేగపు ఐసీఈ రైళ్లలో అసలు చెల్లదు. లెక్క వేస్తే ఫ్యూసెన్ చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. ఒకటిన్నరకి ముందు స్లాట్ ఆన్‌లైన్‌లో బుక్ చేయకండి. లోపలికి గైడుతోనే పంపుతారు, టికెట్ మీద వేసిన సమయం దాటితే అది వృథా. మంచు పేరుకుంటే కొండపైకి బస్సులు ఆపేస్తారు, కోట ఫొటోలన్నీ తీసే మారియెన్ వంతెన కూడా మూసేస్తారు. గుర్రపు బండి నడిచినా కోట దిగువనే దింపుతుంది, చివరి ఎక్కుడు నడకే. పెద్దవాళ్లు వెంట ఉంటే ఈ సంగతి ముందే చెప్పండి. 1869లో మొదలైన ఈ కోటని బవేరియా రాజు రెండో లుడ్విగ్ పూర్తిగా చూడకుండానే 1886లో పోయాడు. లోపల అలంకరించిన గదులు కొన్నే, టూర్ అరగంటలో అయిపోతుంది. అంత దూరం వెళ్లి ఇంతేనా అనిపించవచ్చు.

నూరెంబర్గ్‌లో ఈ తిప్పలు లేవు. మ్యూనిక్ నుంచి ఐసీఈలో గంటా పది నిమిషాలు. చక్రవర్తుల కోట ఊళ్లోనే ఉంది, సంత జరిగే హాప్ట్‌మార్క్‌ట్ నుంచి పది, పదిహేను నిమిషాల ఎక్కుడు దారి. మధ్యాహ్నం కోట చూసి మూడున్నరకి దిగితే, దీపాలు వెలిగే వేళకి సంతలో ఉంటారు. ఒక్కదానికే సమయం ఉంటే పేరున్న నోయ్‌ష్వాన్‌స్టైన్ కంటే దీనికే మొగ్గు చూపాలి. రాళ్లు పరిచిన వీధుల్లో మంచు గడ్డకడితే మామూలు స్పోర్ట్స్ షూ జారుతుంది, పట్టున్న అడుగుతో నీళ్లు దిగని బూట్లు కావాలి.

తిండి విషయానికొస్తే, బన్నులో మూడు చిన్న సాసేజ్‌లు పెట్టిచ్చేది పంది మాంసం. శాకాహారులకి ఆలుగడ్డ తురుముతో వేయించిన అట్లు, ఆపిల్ గుజ్జుతో ఇస్తారు. పిండిలో గుడ్డు ఉంటుంది, అడిగి తినండి. కాల్చిన చెస్ట్‌నట్‌లు, పంచదార పాకం పట్టిన బాదం ఎవరైనా తినొచ్చు. గ్లూవైన్ అంటే మసాలా వేసి కాచిన వేడి వైన్, పిల్లలకి మద్యం లేని కిండర్‌పున్ష్ అని అడగాలి. చిల్లర యూరోలు దగ్గర ఉంచుకోండి, కార్డు తీసుకోని కొట్లు ఉంటాయి. మగ్గుకి వేరే డిపాజిట్ కట్టించుకుంటారు. తిరిగిచ్చేస్తే డబ్బు వాపసు, నచ్చితే మగ్గు మీదే.