ముత్తాత రెండుసార్లొచ్చారు

అక్క: ఈవారం చెప్తామన్నది డేటాబేస్‌లో జిల్లా, మండలం, ఊరు ఒకదాని కింద ఒకటి దాచుకునే టేబుల్. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రాలో 13 జిల్లాలు 26 అయ్యాయి కదా, పేరెంట్ ఐడీతో, అంటే ప్రతి రోలో దాని పైదాని నంబర్ పెట్టి, దాచుకున్నవాళ్ళు కొత్త జిల్లాలకి రోలు వేసి మండలాల పేరెంట్ మార్చుకుంటే చాలు, ఊళ్ళ జోలికే పోనక్కర్లేదు. ప్రతి రోకీ తన కిందవన్నీ మధ్యలో పడేలా లెఫ్ట్, రైట్ నంబర్లిచ్చే నెస్టెడ్ సెట్ అయితే మాత్రం ఆ నంబర్లు బోలెడు మళ్ళీ వేసుకోవాలి.

తమ్ముడు: పేరెంట్ ఐడీకి ఇండెక్స్ పెట్టుకోండి, వెతికింది త్వరగా దొరకడానికి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఫారిన్ కీ, అంటే ఆ ఐడీ గల రో నిజంగా ఉండాలన్న షరతు, ఇచ్చినంత మాత్రాన అది దానంతటది రాదు.

అక్క: మొదలెట్టావా.

తమ్ముడు: పెద్ద టేబుల్ మీద ఒక్కో మెట్టూ వెతుక్కుంటూ వెళ్ళే రికర్సివ్ క్వెరీ మెట్టుమెట్టుకీ మొత్తం తిరిగొస్తుంటే చెప్పొద్దా? సరేగానీ రాత్రి నువ్వు పంపిన వంశవృక్షంలో ముత్తాత రెండుసార్లొచ్చారేంటి?

అక్క: వస్తారు మరి, అమ్మమ్మ చేసుకుంది సొంత మేనమామని. అమ్మ దగ్గర మొదలెట్టి పైకెళ్తే తాతయ్య వైపు రెండో మెట్టులోనే ముత్తాత, అమ్మమ్మ వైపు వెళ్తే అమ్మమ్మ, వాళ్ళమ్మ, ఆ పైన మళ్ళీ ఆయనే.

తమ్ముడు: క్వెరీలో యూనియన్ ఆల్ తీసేసి యూనియన్ పెట్టు, అచ్చంగా ఒకేలా ఉన్న రోలు పోతాయి.

అక్క: పోవురా, మెట్టు కాలమ్ ఉందిగా. ఒక రోలో 2, ఇంకోదాన్లో 3.

తమ్ముడు: అయితే గ్రూప్ బైతో ఒకే ఐడీ ఉన్న రోలు కలిపేసి చిన్న మెట్టు ఉంచు.

అక్క: ఉంచను.

తమ్ముడు: డూప్లికేట్ అక్కా అది!

అక్క: కాదు. అమ్మ ఆయనకి మనవరాలు, మునిమనవరాలు కూడా, రెండూ నిజమే. నువ్వు 3 తీసేస్తే అమ్మమ్మ వాళ్ళమ్మ ఆ ఇంటి ఆడపిల్లే అన్న సంగతి కనపడకుండా పోతుంది. ఆవిడ గురించి మనకి మిగిలిందే ఆ ఒక్క దారి.

తమ్ముడు: ...అలా ఆలోచించలేదు. అయితే దారి మొత్తం దాచు, ఐడీలన్నీ వరసగా ఒక ఎర్రేలో, అంటే ఒకే గడిలో జాబితాగా.

అక్క: అదే చేశా. మనిషికి ఒక్కటే పట్టే పేరెంట్ ఐడీ కాలమ్ కూడా తీసేశా, అమ్మానాన్నలిద్దరూ ఉండాలిగా, పిల్ల, పెద్ద అని రెండు కాలమ్‌ల టేబుల్ వేరేగా పెట్టా. రెండూ కలిపి ప్రైమరీ కీ, అంటే ఏ జతా రెండోసారి రాదు, నువ్వు అడక్కముందే చెప్తున్నా.

తమ్ముడు: పిల్ల ముందు, పెద్ద తర్వాత అన్న వరసలో ఉంటే ఆ కీతో వచ్చే ఇండెక్స్ పైకెళ్ళడానికి పనికొస్తుంది. ముత్తాత నుంచి కిందికి దిగాలంటే పెద్ద కాలమ్‌కి ఇంకో ఇండెక్స్ కావాలి.

అక్క: అవును. పెట్టలేదు. ఆగాగు, అమ్మ ఫోన్ చేస్తోంది.

తమ్ముడు: ఎత్తు ఎత్తు, ముత్తాత వాళ్ళమ్మ పేరడుగు, ఆ రో ఇంకా ఖాళీగానే ఉంది.