పింక్ ఫ్లాయిడ్ తొలి ఆల్బమ్ వినబోయే ముందు

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం మనం వినబోయేది బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ మొదటి ఆల్బమ్ 'ద పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్'. 1967 ఆగస్టులో ఇంగ్లండ్‌లో విడుదలైంది. మీలో చాలామందికి ఈ బృందం 1973 నాటి 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'తోనో, 1979 నాటి 'ద వాల్'తోనో పరిచయమై ఉంటుంది. ఆ పరిచయంతో వచ్చినవాళ్లకు మొదటి పది నిమిషాల్లోనే తికమక తప్పదు. ఆ నిదానమైన గిటార్ ఇక్కడ వినపడదు. దాన్ని వాయించిన డేవిడ్ గిల్మోర్ అప్పటికింకా బృందంలో చేరలేదు. ఇది అప్పటి గాయకుడు, గిటారిస్టు సిడ్ బారెట్ రికార్డు. ఇందులోని పదకొండు పాటల్లో ఎనిమిది అతనొక్కడే రాశాడు. అప్పుడతనికి 21 ఏళ్లు.

సిడ్ కథ మీకు తెలిసే ఉంటుంది. మాదకద్రవ్యాలు, చెదిరిన మనసు, 1968 వసంతానికల్లా బృందం నుంచి నిష్క్రమణ, ఆ తర్వాత దశాబ్దాల ఏకాంతం. 2006లో కేంబ్రిడ్జ్‌లో చనిపోయాడు. ఆ కథ ముందే తెలియడం వల్ల చాలామంది ఈ పాటల్లో జబ్బు లక్షణాలు వెతుకుతారు. ఇది అతని పనితనానికి జరుగుతున్న అన్యాయమని నా గట్టి నమ్మకం. తర్వాత వచ్చిన దుఃఖాన్ని తెచ్చి ఈ పాటల మీద కప్పకండి. ఇవి ఉల్లాసంగా, పూర్తి మెలకువతో కూర్చిన పాటలు.

ఉదాహరణకు చివరి పాట 'బైక్' తీసుకుందాం. ఒక అబ్బాయి తనకిష్టమైన అమ్మాయికి తన దగ్గరున్నవన్నీ వరసగా చూపిస్తుంటాడు. సైకిలు, ముందువైపు చిరిగిన అంగీ, ఇల్లు లేని ముసలి ఎలుక. వింటుంటే పిచ్చిపాటలా అనిపిస్తుంది. కానీ తాళం వేస్తూ వినండి. ఒక్కో పాదంలో దెబ్బల లెక్క మారిపోతుంటుంది. మాట పొడవైతే తాళం సాగుతుంది, మాట తగ్గితే ముడుచుకుంటుంది. అయినా పల్లవి దగ్గరకు వచ్చేసరికి నలుగురూ కలిసి దిగుతారు. గాలివాటంగా అలా కుదరదు. పాట చివర ఆ అమ్మాయిని ఇంకో గదిలోకి పిలుస్తాడు. తలుపు తీస్తే గడియారాలు, గంటలు, యంత్రాల చప్పుళ్లు, ఆ పైన బాతు అరుపులాంటి ఒక నవ్వు తిరిగి తిరిగి వినిపిస్తుంది.

పసితనమూ అంతరిక్షమూ, ఈ రెండూ రికార్డంతా పక్కపక్కనే ఉంటాయి. ఆల్బమ్ పేరే కెనెత్ గ్రాహమ్ పిల్లల నవల 'ద విండ్ ఇన్ ద విల్లోస్'లో ఏడో అధ్యాయం పేరు. 'మటిల్డా మదర్'లో కథ మధ్యలో ఆపొద్దని తల్లిని బతిమాలే పిల్లవాడుంటాడు. 'ద స్కేర్‌క్రో' పొలంలో నిలబెట్టిన దిష్టిబొమ్మ గురించి. మొదటి పాట 'ఆస్ట్రానమీ డొమినీ'లో గ్రహాలు, ఉపగ్రహాల పేర్లు దొర్లుతాయి. అయితే ఆ ఆకాశంలో డాన్ డేర్ కూడా ఉన్నాడు. అతను ఆనాటి బ్రిటిష్ పిల్లలు కామిక్స్‌లో చదువుకున్న అంతరిక్ష వీరుడు. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టడానికి ఇంకా రెండేళ్లుంది. అందుకే నాకది శాస్త్రవేత్త ఆకాశంలా కాక, బొమ్మల పుస్తకంలోంచి తల ఎత్తి చూసిన ఆకాశంలా వినిపిస్తుంది. పాట మొదట్లో మెగాఫోన్‌లో వినిపించే గొంతు వాళ్ల మేనేజర్ పీటర్ జెన్నర్‌ది.

అందరూ సిడ్ గురించే మాట్లాడతారు గానీ, మొదటిసారి వినేవాళ్లను నేను రిచర్డ్ రైట్ కీబోర్డు మీద చెవి పెట్టమంటాను. అతని ఫార్ఫీసా ఆర్గన్ (ఒక రకం ఎలక్ట్రానిక్ కీబోర్డు) లేకపోతే ఈ ఆల్బమ్‌కి ఆ రంగు రాదు. 'మటిల్డా మదర్' చరణాల్లో వినిపించే గొంతు అతనిదే, మధ్యలో తూర్పు సంగీతపు ఛాయతో తిరిగే ఆర్గన్ వాయింపూ అతనిదే. ఇక సిడ్ గిటార్. తీగల మీద సిగరెట్ లైటరు జార్చి, ఆ నాదాన్ని ప్రతిధ్వని పుట్టించే బిన్సన్ ఎకో యంత్రంలోకి పంపేవాడు. వేగంగా వేళ్లు పరిగెత్తించడం మీద అతనికి ఆసక్తి లేదు, ధ్వనితోనే అతని ఆట.

రికార్డింగ్ లండన్ ఆబీ రోడ్‌లోని ఈఎంఐ స్టూడియోలో జరిగింది. నిర్మాత నార్మన్ స్మిత్ అంతకుముందు బీటిల్స్‌కి ఇంజనీరు. అదే వసంతంలో అదే భవనంలో బీటిల్స్ తమ 'సార్జంట్ పెప్పర్' ఆల్బమ్ తయారు చేస్తున్నారు. లండన్‌లోని యూఎఫ్ఓ క్లబ్బులో ఫ్లాయిడ్ గంటల తరబడి సాగదీసి వాయించే సంగీతాన్ని స్మిత్ చిన్న చిన్న పాటలుగా మలిచాడని కొందరికి అసంతృప్తి. నేను ఒప్పుకోను. ఆ హద్దు వల్లే ఈ పాటలు నిలిచాయి. పైగా 'ఇంటర్‌స్టెల్లార్ ఓవర్‌డ్రైవ్'కి దాదాపు పది నిమిషాలు వదిలేశాడు కదా. అందులో మొదటి నిమిషం దాటాక రాగం చెదిరిపోతుంది, తాళం ఎటో వెళ్లిపోతుంది. అక్కడ కంగారు పడి ఆపేయకండి. మొదట్లో విన్న ఆ గిటార్ వరస చివరికి తిరిగొస్తుంది.

అట్టమీద బొమ్మ గురించి ఒక్క మాట. నలుగురినీ ఒక్కొక్కరిని పలుమార్లు చూపించే ఆ ఫొటో తీసింది విక్ సింగ్. అతను వాడిన ప్రిజమ్ లెన్సు బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ ఇచ్చినది. వెనక అట్టమీది నీడబొమ్మ సిడ్ గీసింది.

అమెరికాలో వచ్చిన ఆల్బమ్‌లో 'ఆస్ట్రానమీ డొమినీ', 'ఫ్లేమింగ్', 'బైక్' తీసేసి 'సీ ఎమిలీ ప్లే' చేర్చారు. ఇంటికెళ్లి వెతికేటప్పుడు అది కాకుండా బ్రిటిష్ వరస చూసుకోండి. ఇప్పుడు నేను పెట్టబోయేది కూడా అదే, మోనో మిక్సులో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని వచ్చే రూపంలో. మొత్తం సుమారు 42 నిమిషాలు, మధ్యలో ఆపను. అయ్యాక 'ఇంటర్‌స్టెల్లార్' చివరి భాగాన్ని స్టీరియోలో మళ్లీ వినిపిస్తాను. అందులో ధ్వని ఎడమ నుంచి కుడికీ, కుడి నుంచి ఎడమకీ ఊగుతుంది. అది తెలియాలంటే రెండు స్పీకర్ల మధ్యకు జరిగి కూర్చోవాలి. పక్కనున్నవాళ్లు కాస్త ముందుకు రండి.