ఆటోమేటిక్ సివిక్‌ని మాన్యువల్ చేయాలంటే: గేర్‌బాక్స్ రేటు చివర్లో అడగండి

నమస్తే అండి. అమెరికాలో పాత హోండా సివిక్ నడుపుతున్న మనవాళ్ళు, అదీ ఊళ్ళో క్లచ్ తొక్కి డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్ళు, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ జారడం మొదలవగానే అడిగేది ఒకటే: "మాన్యువల్ గేర్‌బాక్స్ ఎంతకి దొరుకుతుంది?" ఈ ప్రశ్న వింటే నాకు చిరాకు. గేర్‌బాక్స్ చవగ్గానే దొరుకుతుంది. బండి మూడు నెలలు జాకీల మీద ఉండిపోయేది మాత్రం దానివల్ల కాదు.

బోరు వేయించే రైతు "అడుగుకి ఎంత?" అని బేరమాడతాడు. రిగ్గు వెళ్ళిపోయాక కేసింగ్ పైపు, మోటారు, కేబులు, స్టార్టరు బోర్డు, వీటి బిల్లు వస్తుంది. అసలు ఖర్చు అక్కడుంది. గేర్‌బాక్స్ రేటు అంటే అడుగు రేటే. మనం కేసింగు, మోటారు లెక్క ముందు వేసుకుందాం.

ఈ వీడియో అమెరికా మోడల్ 1996–2000 సివిక్ గురించి. డీఎక్స్, ఎల్ఎక్స్ రకాలయితే డీ16వై7 ఇంజిన్, ఈఎక్స్ రకమైతే డీ16వై8, రెండూ డీ సిరీస్ ఇంజిన్లే. హెచ్ఎక్స్ రకంలో వచ్చే సీవీటీ (విడి గేర్లు లేని ఆటోమేటిక్) జోలికి ఇవాళ పోను.

1992 నుంచి 2000 వరకు వచ్చిన సివిక్‌ల డీ సిరీస్ మాన్యువల్ గేర్‌బాక్స్, హైడ్రాలిక్ క్లచ్‌ది (కేబుల్‌తో కాక ద్రవం ఒత్తిడితో పనిచేసేది), తీసుకోండి. 1988–91 బాక్స్ చూడ్డానికి అలాగే ఉంటుంది, ఇంకా చవగ్గా ఇస్తారు కూడా. కానీ దానిది కేబుల్ క్లచ్, వద్దు. 1999–2000 ఎస్ఐ రకం బాక్స్ బీ సిరీస్ ఇంజిన్‌ది, మన ఇంజిన్‌కి పట్టదు.

ఇప్పుడు కేసింగు, మోటారు. క్లచ్ పెడల్, దాంతోపాటు బ్రేక్ పెడల్ కూడా కావాలి, ఎందుకంటే ఆటోమేటిక్ బ్రేక్ పెడల్ వెడల్పుగా ఉండి క్లచ్‌కి చోటివ్వదు. పెడల్ దగ్గరుండే క్లచ్ మాస్టర్ సిలిండర్, గేర్‌బాక్స్ దగ్గరుండే స్లేవ్ సిలిండర్, మధ్యలో లోహపు పైపు. మాన్యువల్ స్టార్టర్ మోటార్, ఆటోమేటిక్‌ది ఇక్కడ కుదరదు. గేర్‌బాక్స్ వైపు మౌంటు, దాని బ్రాకెట్టు, వెనకాల ఇంజిన్‌కి బిగించే టీ ఆకారం బ్రాకెట్టు. రెండు యాక్సిల్స్. గేర్ లివరు, కింది రాడ్లు, బుష్‌లు. ఫ్లైవీల్ (ఇంజిన్ చివర బిగించే బరువైన చక్రం), దాని ఆరు బోల్టులు. ఆటోమేటిక్‌లో ఫ్లైవీల్ బదులు ఉండే డ్రైవ్ ప్లేట్ బోల్టులతో సరిపెట్టుకుందాం అనుకోకండి, అవి వేరు. మాన్యువల్ ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్.

ఇవన్నీ ఒక్కొక్కటిగా ఆన్‌లైన్‌లో కొంటే పెడల్స్‌కే గేర్‌బాక్స్‌కి పెట్టినంత పెట్టాల్సి వస్తుంది. అందుకే నా సలహా: ఒకే మాన్యువల్ సివిక్ నుంచి మొత్తం సెట్టు తీసుకోండి. మన చేత్తో మనమే విప్పుకునే జంక్‌యార్డుల్లో ధర వస్తువు రకాన్ని బట్టి ఉంటుంది, మోడల్‌ని బట్టి కాదు. పెడల్ అంటే పెడల్ రేటే. పైగా దొరికిన ప్రతి బోల్టూ సంచిలో వేసుకోవచ్చు, ఏది ఎక్కడిదో ఫోటో తీసుకోవచ్చు. ఇంటికొచ్చాక ఒక బ్రాకెట్టు బోల్టు కోసం వెతుక్కోవడం కంటే నరకం లేదు.

పాతవి తేకూడనివి మూడు ఉన్నాయి. క్లచ్ కిట్టు కొత్తది కొనండి, 100 నుంచి 150 డాలర్లలో మామూలు కిట్టు వస్తుంది. రెండోది ఫ్లైవీల్ మధ్యలో కూర్చునే పైలట్ బేరింగ్. మూడోది క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన షాఫ్టు) వెనక ఆయిల్ సీల్. ఇది చాలా చిన్న వస్తువు, కానీ బోరులో కేసింగ్ సరిగా దింపకపోతే ఏమవుతుందో గుర్తు చేసుకోండి. మట్టి కూలి మోటారు ఇరుక్కుంటే పైపులన్నీ మళ్ళీ పైకి లాగాలి. ఈ సీల్ కారినా అంతే. ఆయిల్ క్లచ్ డిస్కు మీద పడుతుంది, క్లచ్ జారుతుంది, గేర్‌బాక్స్ మొత్తం మళ్ళీ దింపాలి. డ్రైవ్ ప్లేట్ విప్పగానే సీల్ ఎదురుగా కనిపిస్తుంది, ఆ నిమిషంలోనే మార్చేయండి.

సరే, పనిలోకి వద్దాం.

బ్యాటరీ తీసేయండి. ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ బాక్స్ ఆయిల్, దింపండి, దాదాపు 2.7 లీటర్లు వస్తుంది. ఆటోమేటిక్‌లో క్లచ్ పని చేసే టార్క్ కన్వర్టర్‌లో ఇంకా మిగిలే ఉంటుంది, బాక్స్ వంచినప్పుడు నేల మీద పడుతుంది, అట్టలు పరచండి. కన్వర్టర్‌ని డ్రైవ్ ప్లేట్‌కి పట్టే బోల్టులు ఎనిమిది. ఒక్కొక్కటీ కిటికీలోకి రావాలంటే క్రాంక్ తిప్పాలి. డీ సిరీస్ హోండా గడియారానికి ఎదురు దిక్కున తిరుగుతుంది, మీరూ అటే తిప్పండి. అటు తిప్పేటప్పుడు పుల్లీ బోల్టు వదులవకుండా చూసుకోండి. కన్వర్టర్ బాక్స్‌తోనే బయటికి రావాలి, ఇంజిన్ మీద వదిలేయకండి. ఇంజిన్ కింద చెక్క పెట్టి జాకీ ఆనించాకే మౌంటు విప్పండి. రేడియేటర్‌కి వెళ్ళే ఏటీఎఫ్ పైపులు తీసి మూతలు పెడితే చాలు, రేడియేటర్ మార్చక్కర్లేదు.

[స్క్రీన్ మీద: ఫ్లైవీల్ 118 న్యూటన్ మీటర్లు, ప్రెషర్ ప్లేట్ 25]

ఫ్లైవీల్ బోల్టులు ఎదురెదురుగా, దశలవారీగా 118 దాకా బిగించండి. ప్రెషర్ ప్లేట్‌కి 25. డిస్కుకి ఏ వైపు ఫ్లైవీల్‌కి రావాలో దాని మీదే రాసి ఉంటుంది, స్ప్రింగులు పొడుచుకొచ్చే వైపు గేర్‌బాక్స్ వైపు ఉండాలి. అలైన్‌మెంట్ టూల్ కిట్టులోనే వస్తుంది, వాడండి.

బాక్స్ ఎక్కించేటప్పుడు జనం చేసే పెద్ద తప్పు ఇది: అర అంగుళం ఖాళీ మిగిలితే బోల్టులు బిగించి లాగేయడం. బాక్స్ ముందుభాగం, బెల్ హౌసింగ్, చెవి విరుగుతుంది. ఖాళీ ఉందంటే షాఫ్టు డిస్కులో వరసగా పడలేదని, లేదంటే బాక్స్‌ని సరిగ్గా కూర్చోబెట్టే రెండు డోవెల్ పిన్నుల్లో ఒకటి తేడాగా ఉందని. చేత్తోనే దగ్గరికి రావాలి. మధ్యలో అలసిపోయి బాక్స్ బరువు షాఫ్టు మీద వేలాడదీయకండి, డిస్కు వంగుతుంది. కింద ట్రాన్స్‌మిషన్ జాకీ, పక్కన ఇంకో మనిషి ఉంటే తేలిక.

టైము అయిపోతోంది, వైరింగ్ గబగబా చెప్తాను. ఆటోమేటిక్‌లో స్టార్టర్ కరెంటు గేర్ పొజిషన్ స్విచ్ మీదుగా వెళ్తుంది. అది తీసేశాక కీ తిప్పితే ఏమీ జరగదు, భయపడకండి. ఆ రెండు వైర్లు కలపాలి, కానీ నేరుగా కాదు, క్లచ్ పెడల్ స్విచ్ మీదుగా. లేకపోతే గేరులో ఉండగా కీ తిప్పిన రోజు బండి గోడకి తగులుతుంది. రివర్స్ లైటు వైర్లు బాక్స్ మీదున్న రివర్స్ స్విచ్‌కి వెళ్ళాలి. రంగులు మీ సంవత్సరం వైరింగ్ డయాగ్రమ్‌లోనే చూసుకోండి.

ఈసీయూ: డీఎక్స్, ఎల్ఎక్స్‌కి పీ2ఈ, ఈఎక్స్‌కి పీ2పీ. లేబుల్ చివర ఏ0తో మొదలైతే మాన్యువల్, ఏ5 అయితే ఆటోమేటిక్. 1996–98 కనెక్టర్లు వేరు, 1999–2000 వేరు. పాత ఆటోమేటిక్ ఈసీయూతోనూ ఇంజిన్ నడుస్తుంది, కానీ ఆటోమేటిక్ బాక్స్‌లోని సోలినాయిడ్లు (కరెంటుతో పనిచేసే వాల్వులు) కనబడక డాష్‌బోర్డులో డీ4 గేరు లైటు మినుకుతుంది, చెక్ ఇంజిన్ వెలుగుతుంది. ఎమిషన్ పరీక్ష ఉన్న రాష్ట్రంలో ఉంటే ఫెయిలే. ఈసీయూ దగ్గర పొదుపు చేస్తే బోరు వేసి స్టార్టరు బోర్డు మానేసినట్టు.

హైదరాబాదు, విజయవాడ నుంచి చూస్తున్నవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోండి: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చే మార్పు చేయకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి.

చివరిగా, గేర్ ఆయిల్ 1.8 లీటర్లు, హోండా ఎంటీఎఫ్. ఫిల్లర్ రంధ్రం నుంచి కారేదాకా పోయండి. క్లచ్‌కి డాట్ 3 బ్రేక్ ఫ్లూయిడ్ పోసి గాలి తీయండి. పెడల్‌కి పైన కొంచెం ఆట ఉండాలి. లేకపోతే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ నొక్కుకునే ఉండి కొత్త క్లచ్ కాలిపోతుంది. బ్రేక్ లైటు స్విచ్ కూడా సర్దండి, పెడల్ మార్చాం కదా. యాక్సిల్ నట్లు కొత్తవి వేసి నట్టు అంచు షాఫ్టు గాడిలోకి కొట్టండి. చక్రాలు నేలకి దించకముందే ఇంజిన్ ఆపి, క్లచ్ తొక్కి, అయిదు గేర్లూ రివర్సూ పడుతున్నాయో లేదో చూడండి. ఏదైనా పడకపోతే ముందు చూడాల్సింది కింది రాడ్ బుష్‌లు.